ప్రభువు కుండలో లవంగం

అనసూయమ్మ బాప్తిస్మం పుచ్చుకొని పదకొండేళ్లయింది గానీ, చెప్పుకోవడానికి ఆమెకింకా ఒక్క సాక్ష్యం లేదు.

ఇది చిన్న లోటు అనుకునేవాళ్లు మారేడ్‌పల్లి చర్చిలో గురువారం నాటి స్త్రీల కూటానికి ఎప్పుడూ వచ్చి ఉండరు. పాటలయ్యాక, ప్రార్థనయ్యాక, ఒక్కొక్కరే లేచి ప్రభువు తమకేం చేశాడో చెప్పాలి. ఒకామె కూతురు టైఫాయిడ్ నుంచి లేచి కూర్చుంది. తుకారాం భార్య లక్ష్మమ్మ మొగుడి చేత సారా మాన్పించింది. ఆర్నెల్లకు అతను మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ మానేసి, ఆమెకు రెండో సాక్ష్యం కూడా సంపాదించి పెట్టాడు. ఏమీ జరగనివాళ్లు సైతం, "నా హృదయం నిండిపోయిందమ్మా, చెప్పలేను" అని కొంగుతో కళ్లొత్తుకునేవారు. అనసూయమ్మ తన వంతు రాగానే కంఠతా వచ్చిన వాక్యమొకటి గబగబా అప్పజెప్పి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చునేది.

ఆ నిండడం ఎట్లా ఉంటుందో ఒక్కసారి తెలిస్తే చాలునని ఆమె ఆశ. మొగుడు భద్రయ్య లాలాగూడ రైలు కార్ఖానాలో పనిచేస్తూ కలరా తగిలి రెండు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. మిషను దవాఖానాలో ఆమె గోడకానుకొని కూర్చుంటే ఒక నర్సమ్మ భుజం మీద చెయ్యివేసి, "యేసయ్య దగ్గరికి రా తల్లీ, ఖాళీ కడవ నిండినట్టు నిండుతావు" అంది. అనసూయమ్మ వచ్చింది. అదే దవాఖానాలో కట్టుగుడ్డలు ఉతికే పనిలో కుదురుకుంది. ఏ ఆదివారమూ మానలేదు. కానీ పదకొండేళ్లుగా కడవ పట్టుకొని నిలబడ్డట్టే ఉంది. తనలోనే ఎక్కడో చిల్లు ఉన్నదనుకునేది.

ఒక్క పని మాత్రం ఆమె ఎన్నడూ తప్పలేదు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి ప్రభువు పేరిట వేరే కుండలో వేసేది. క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లందరూ చేసేదే. వారమంతా పోగైన బియ్యం ఆదివారం గుడ్డలో మూటగట్టి చర్చిలో గంపలో పోస్తారు. అది లేనివాళ్లకు వెళ్తుంది. అనసూయమ్మ పిడికిలి చిన్నదే గానీ నిక్కచ్చి పిడికిలి. వేళ్ల సందుల్లోంచి జారిన గింజల్ని కూడా ఏరి కుండలోనే వేసేది.

ఆ కుండ ఉండే చోటు గురించి ఇక్కడే చెప్పాలి. ఆమె ఉండేది వరసగా కట్టిన పెంకుటిళ్ల గదుల్లో ఒకదాంట్లో. ఆమె గదికీ పక్కగదికీ వెనక ఒకటే వసారా. మధ్యలో నడుమెత్తు మొండిగోడ, అటొక పొయ్యి, ఇటొక పొయ్యి. ఆ గోడలో అటూ ఇటూ తెరుచుకున్న గూడొకటి ఉంది. ప్రభువు కుండ ఆ గూట్లో ఉండేది. గోడ అవతల ఇమాంబీ. ఆమె భర్త జమాలుద్దీన్ దర్జీ. జనగామ వైపు నుంచి కుట్టుమిషను భుజాన పెట్టుకొని వచ్చినవాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

"అక్కా, రోజు గా కుండల ఏందేస్తవ్?" అని ఇమాంబీ వచ్చిన కొత్తలో అడిగింది.

"మా ప్రభువుకు."

"ఆయన బువ్వ తింటడా?"

"ఆయనెందుకు తింటడే. లేనోళ్లకు పోతది."

ఇమాంబీ గోడ మీద మోచేతులాన్చింది. "మంచిగనే ఉన్నది. మా అమ్మ సుత ఫకీరు కోసం తీసిపెట్టేది" అంది.

వెయ్యిన్నీ తొమ్మిదివందల నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చింది. సరిహద్దులు మూసేశారన్నారు, బండ్లు రావడం లేదన్నారు. నిజాం ఇట్లా అంటున్నాడనీ ఢిల్లీ అట్లా అంటున్నదనీ మగవాళ్లు టీ కొట్ల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవారు. అనసూయమ్మకు తెలిసిన రాజకీయం ఒకటే. రేషన్ దుకాణంలో బియ్యం సగానికి తగ్గాయి, ఉన్న సగంలో మట్టిగడ్డలు పెరిగాయి. పక్కింట్లో మాత్రం పని పెరిగింది. రజాకార్ల కోసమని ఎవరో ఖాకీ తానులు తెచ్చి పడేశారు. జమాలుద్దీన్ తలవంచుకొని కుట్టాడు. పెళ్లికొడుక్కు షేర్వానీ కుట్టినా, పోయినవాడికి కఫన్ గుడ్డ కత్తిరించినా అతను అట్లాగే తలవంచుకునేవాడు.

జూన్‌లో ఒక సాయంత్రం అనసూయమ్మ ఆకలికి ఆగలేక ప్రభువు కుండలో చెయ్యిపెట్టింది. నాలుగు రోజుల పిడికిళ్లు వండుకొని ఉప్పేసుకొని తింది. తిన్నాక ఏడుపొచ్చింది. దేవుడి నోటి దగ్గరిది లాక్కుతిన్నానని తల బాదుకుంది. ఖాళీ కుండను గూట్లో బోర్లించి, గోడకు తల ఆన్చి, "తండ్రీ, నాతోని కాలే" అని ఏడ్చింది.

మర్నాడు దవాఖానా నుంచి వచ్చి చూస్తే కుండ నిలబెట్టి ఉంది. లోపల పిడికెడు బియ్యం ఉంది.

అనసూయమ్మ కుండ ముందు చాలాసేపు నిలబడింది. ఎవరినీ అడగలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి గుమ్మం తట్టినప్పుడు ఎవరు పంపారని ఆరా తీస్తామా? మర్నాడు మరో పిడికెడు. ఆ తర్వాతి రోజు మరొకటి. ఆమె వేయలేని రోజుల్లో కూడా కుండ ఆదివారానికి నిండుతూ వచ్చింది. మూడో వారం బియ్యంలో ఒక లవంగం దొరికింది. అనసూయమ్మ బతుకులో లవంగం కొన్న పాపాన పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ ఘాటుకు కళ్లు చెమర్చాయి. పరలోకం వాసన ఇట్లాగే ఉంటుందని ఆమెకు నమ్మకం కుదిరింది. వరసలో ఏ ఇంట్లో లవంగాలు వాడతారో పసిపిల్లలకు కూడా తెలుసు గానీ, అనసూయమ్మ ముక్కు ఆ పూట పరలోకం వైపే తిరిగి ఉంది. చర్చికి కట్టుకునే తెల్లచీర కొంగుకు ఆ లవంగాన్ని ముడేసుకుంది.

ఆ గురువారం ఆమె లేచి నిలబడితే కూటంలో ఎవరూ పట్టించుకోలేదు, వాక్యం చెప్పి కూర్చుంటుందని. "నాకొక సాక్ష్యమున్నది" అంది అనసూయమ్మ. కుండలో చెయ్యిపెట్టడం దగ్గర్నుంచి లవంగం దాకా మొత్తం చెప్పింది. కొంగు ముడి విప్పి చూపించింది. ఆడవాళ్లు ఆ లవంగాన్ని చేతులు మార్చి మార్చి వాసన చూశారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు, మిషను బడి పంతులమ్మ విజయమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ పూట ఇంటికి నడిచి వస్తుంటే అనసూయమ్మకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. ఇదేనన్నమాట నిండడం అనుకుంది. అప్పటినుంచి జబ్బుచేసిన ఇళ్లకు ప్రార్థన చెయ్యమని ఆమెను పిలిచేవారు. ఆమె నవ్వడం నేర్చుకుంది.

మూడు నెలలు అట్లా గడిచాయి. సెప్టెంబరులో ఆకాశంలో విమానాలు తిరిగాయి. ఆ నాలుగైదు రోజులూ అందరూ తలుపులు వేసుకొని కూర్చున్నారు. తర్వాత సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిందనీ, నిజాం లొంగిపోయాడనీ కేకలు వినిపించాయి. జనం పూలదండలు పట్టుకొని రోడ్డెక్కారు. దాన్నే తర్వాత పోలీసు చర్య అన్నారు. వారం తిరక్కుండా జమాలుద్దీన్ కోసం సర్కారు మనుషులు వచ్చారు. ఖాకీలు ఎవరికి కుట్టావో చెప్పమని తీసుకుపోయారు. కుట్టుమిషనులో సగం కుట్టిన పైజమా అట్లాగే ఉండిపోయింది.

"గా ఇంటి దిక్కు పోకమ్మా, మనకెందుకు తక్లీఫ్" అని వరసలో చివరి గదిలో ఉండే పర్వతాలు అందరికీ చెప్పి వెళ్లాడు. అనసూయమ్మ కూడా భయపడింది. గోడవైపు చూడడం మానేసింది.

సరిగ్గా ఆ వారమే కుండ నిండడం ఆగిపోయింది.

మొదటి రోజు ఆలస్యమనుకుంది. నాలుగో రోజు ఉపవాసముంది. పదో రోజు మోకాళ్ల మీద పడి పాత పాపాలన్నీ ఏకరువు పెట్టింది. భద్రయ్య మీద విసుక్కున్నవి, ఉతికిన కట్టుగుడ్డ ఒకటి ఇంటికి తెచ్చుకున్నదీ, ఏదీ దాచలేదు. రేషన్ కాస్త మెరుగుపడింది, తన పిడికెడు తాను మళ్లీ వేస్తూనే ఉంది. కానీ తను వేసినదే తప్ప ఒక్క గింజ ఎక్కువ లేదు. వెనకటి దిగులుకూ ఈ దిగులుకూ పోలికే లేదు. అప్పుడు రుచి తెలియదు, ఇప్పుడు తెలిసింది. "ఎందుకు పోతివి తండ్రీ, నేనేం జేసిన?" అని కుండను పట్టుకొని అడిగేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుండలోకి తొంగిచూసేది. మరో జానెడు తలెత్తితే గోడ అవతల కనబడేది. ఆ జానెడు ఆమె రెండు నెలలు ఎత్తలేదు.

నవంబరులో విజయమ్మగారు దవాఖానాకే వచ్చింది. "అనసూయమ్మా, ఈసారి కోత పండుగకు తిరుమలగిరి నుంచి, బొల్లారం నుంచి సంఘాలు వస్తున్నాయి. నీ సాక్ష్యం అందరి ముందూ చెప్పాలి. ఆ లవంగం తప్పకుండా తీసుకురా" అంది. కుండ ఆగిపోయిందని అనసూయమ్మ చెప్పబోయింది. నోరు రాలేదు. "అట్లనేనమ్మా" అంది.

పండుగకు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, తెల్లచీర తీసి చూస్తే అంచు బెత్తెడు చినిగి ఉంది. ఇంట్లో సూది లేదు. దర్జీ ఇల్లు పక్కనే ఉంది. అనసూయమ్మ వసారాలో అటూ ఇటూ చూసి, పర్వతాలు గది తలుపు మూసి ఉందని నిశ్చయం చేసుకొని, గోడమీదుగా పిలిచింది. జవాబు లేదు. తిరిగి వెళ్లి ముందువైపు నుంచి తలుపు తోసింది.

ఇమాంబీ చాప మీద ముడుచుకొని పడుకుని ఉంది. పొయ్యిలో పిల్లి లేవని ఇల్లంటారు, ఆ పొయ్యిలో పడుకోవడానికి పిల్లికి వెచ్చని బూడిద కూడా లేదు. మొహం పీక్కుపోయి కళ్లు మాత్రమే మిగిలాయి. తలుపు చప్పుడుకు ఆ కళ్లు గబుక్కున గుమ్మం వైపు తిరిగి, వచ్చింది అనసూయమ్మ అని చూసి మెల్లగా ఆరిపోయాయి.

"జర సూది కావాల్నని వచ్చిన" అంది అనసూయమ్మ. తన మాట తనకే సిగ్గుగా వినిపించింది.

"డబ్బాల ఉన్నది, తీస్కో అక్కా."

గది గోడ గూట్లో రెండు రేకు డబ్బాలున్నాయి. అనసూయమ్మ చేతికందినదాని మూత తీసింది. సూదులు లేవు. అడుగున నాలుగు నూకలు, రెండు లవంగాలు. ఆ వాసన గుప్పున మొహానికి కొట్టింది. ఐదు నెలలుగా తను కొంగున కట్టుకొని తిరుగుతున్న వాసన అదే. అణువంత తేడా లేదు.

అనసూయమ్మ డబ్బా పట్టుకొని కిందే కూర్చుండిపోయింది.

"బియ్యం డబ్బాల లవంగాలెందుకే, ఇమాంబీ?"

"పురుగు పట్టకుండ అక్కా. మీరు వేపాకు ఏస్కుంటరు గద."

"నా కుండల... నువ్వేసినవా?"

ఇమాంబీ లేచి కూర్చోబోయి, కూర్చోలేక, గోడ పట్టుకుంది. "గుస్సా చెయ్యకు. ఆ దినం కుండ బోర్లించి నువ్వు ఏడుస్తుంటివి. గోడ మీదికెల్లి చూసిన. ఖాళీ చేతుల్తోని దేవుని దగ్గరికి ఎట్ల పోవాల్నని ఏడుస్తున్నవనుకున్న. మాకు అప్పట్ల పని మంచిగుండె. రోజు పిడికెడు తీసి ఏసిన, నువ్వు తీసేటట్లనే."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే తీస్కుంటుంటివా?" అని ఇమాంబీ కొంచెం ఊపిరి తీసుకుంది. "గీ రెండు నెలల సంది ఎయ్యలేకపోయిన. మాఫ్ చెయ్యి అక్కా."

మాఫ్ చెయ్యి అన్నది ఆమె, రెండు నెలలుగా పస్తులుంటున్న మనిషి. అనసూయమ్మ తన గదికి పరుగెత్తి, ఉన్న బియ్యంలో చారెడు తీసి గంజి కాచి తెచ్చి, చెంచాతో తాగించింది. గ్లాసెడు గంజి దిగాక ఇమాంబీ నిద్రపోయింది. సూది సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఆ సాయంత్రం అనసూయమ్మ దేవుడితో పోట్లాడింది. ఇంతకాలం బతిమాలుకోవడమే తెలిసినామె మొదటిసారి నిలదీసింది. "పదకొండేండ్లకు ఒక్కటిస్తివి. గది సుత నాది కాదంటివి. ఇగ నాకేమున్నది?" రేపు నోరు మూసుకొని పాత సాక్ష్యం చెప్పేస్తే అడిగేవాడు లేడు. లవంగం ఉంది, కుండ ఉంది, విన్నవాళ్లకు విశ్వాసం పెరుగుతుంది. నిజం చెబితే మళ్లీ కంఠతా వాక్యాల మనిషైపోతుంది. పైగా అది రజాకార్లకు ఖాకీ కుట్టిన చేతుల బియ్యం. ఆ రోజుల్లో ఆ మాట బయట అనడం మంచిది కాదు. తెల్లారి ఇవన్నీ ఆలోచిస్తూనే చీర కట్టుకొని, చినిగిన అంచును లోపలికి మడిచి దోపుకుంది.

ఆదివారం చర్చి ముందు పందిరి వేశారు. చెరుకుగడలు, గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. మధ్యలో పెద్ద గంప. సోమయ్య పాస్టరుగారు ప్రార్థన ముగించగానే విజయమ్మగారు అనసూయమ్మను ముందుకు తోసింది. అనసూయమ్మ చంకలో ప్రభువు కుండ ఉంది. ఎదురుగా ఎన్ని తలలో లెక్క తెలియలేదు.

"నా కుండల బియ్యం దేవుడు ఏస్తున్నడని చెప్పిన," అంది. "ఎయ్యలే. మా పక్కింటి ఇమాంబీ ఏసింది. జమాలుద్దీన్ దర్జీ భార్య. నేను ఏడ్చుడు చూసి ఏసింది."

పందిట్లో కోళ్లు రెక్కలు కొట్టుకున్నాయి. విజయమ్మగారు వెనకనుంచి కొంగు లాగింది.

"రజాకార్ల బట్టలు కుట్టినోడు గాదూ?" అని ఎవరో మగగొంతు.

"ఔ, గాయిననే. ఆయిన కష్టం బియ్యమే మీరు గంపల పోసుకొని దీవించిన్రు. పేదోళ్లకు వండిపెట్టిన్రు. ఎవ్వలకు కడుపునొప్పి రాలే." అనసూయమ్మ ఆగలేదు. "ఆయినను తోల్కపోయి రెండు నెలలాయె. ఆమె పొయ్యి ఎలగలే. గోడ ఇవతల నేను కూసొని కుండ ఎందుకు నిండుత లేదని దేవుణ్ని అడుగుతున్న. నా సాక్ష్యం గిదే. గీ బియ్యం నేను గంపల పొయ్య. ఆమెకు తీస్కపోతున్న."

పాస్టరుగారు ఏదో అనబోయి, కళ్లద్దాలు సర్దుకొని, పాట మొదలుపెట్టండి అన్నాడు. ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు, ఆపలేదు కూడా. పందిరి దాటుతుంటే తుకారాం భార్య లక్ష్మమ్మ లేచి, తన మూట విప్పి, బియ్యమంతా అనసూయమ్మ కుండలోకి వొంచి వెళ్లి తన చోట కూర్చుంది.

దారంతా అనసూయమ్మ ఏడుస్తూనే నడిచింది. సాక్ష్యం పోయింది, పేరు పోయింది, ప్రార్థనకు పిలిచే ఇళ్లు కూడా పోయి ఉంటాయి. అయినా పర్వతాలు గుమ్మంలో నిలబడి చూస్తుండగా, ఇమాంబీ తలుపు ముందువైపు నుంచే తోసింది.

ఇమాంబీ కుండ చూసి చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దక్కా. గది మీ దేవునిది. ఇచ్చింది మల్ల తీస్కుంటరా?"

"లేనోళ్లకు పోతదని చెప్పిన గద నీకు."

ఇమాంబీ జరిగి చోటిచ్చింది. అనసూయమ్మ ఆ పొయ్యి అంటించింది. ఉడికేలోపు, ఎవరూ అడక్కుండానే, కళ్లు మూసుకొని జమాలుద్దీన్ తిరిగి రావాలని ప్రార్థించింది. పేరు పెట్టి, గట్టిగా, పక్క గదులకు వినపడేట్టు. ఇమాంబీ తలమీద కొంగు సర్దుకొని చేతులు చాచి తన భాషలో తానూ అడుక్కుంది. ఒకే గిన్నెలోంచి ఇద్దరూ వడ్డించుకున్నారు. సన్నబియ్యం మెత్తబడి, దొడ్డుబియ్యం పలుకుగా ఉండి, రెండిళ్ల బియ్యం కలిసిన అన్నం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. గిన్నె కడుగుతుండగా అనసూయమ్మకు గుర్తొచ్చింది, పదకొండేళ్లలో మొదటిసారి ఆ పూట తన గురించి ఏమీ అడగలేదని. లోపల తడిమి చూసుకుంది. దుఃఖముంది, జమాలుద్దీన్ గురించి భయముంది. చిల్లు మాత్రం ఎక్కడా తగల్లేదు.

మిగిలిన బియ్యం రేకుడబ్బాలో పోసింది. కొంగు ముడి విప్పి లవంగం తీసి దాంట్లో వేయబోయింది.

"గది నా లవంగమేనా?" అంది ఇమాంబీ, రెండు నెలల్లో మొదటిసారి పెదవి కదిలి నవ్వుతూ.

"నీదే. దేవుడు పంపిండనుకొని గిన్ని దినాలు దాచిపెట్టుకున్న, పిచ్చిదాన్ని."

ఇమాంబీ నవ్వు ఆపి ఆమె మొహంలోకి చూసింది. నిజంగా తెలియకే అడిగింది.

"మరి, ఆయన పంపింది కాదా అక్కా?"

అనసూయమ్మ అరచేతిలోని లవంగాన్ని మళ్లీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకొని, ఆ తర్వాత బియ్యంలో వేసింది.